సెలెక్ట్‌తో మొదలైతే చదవడమేనా? డేటాబేస్ ప్రాక్సీకి వచ్చే చిక్కు

ఒక ప్రైమరీ డేటాబేస్ సర్వర్, దాని నకళ్లుగా రెండో మూడో రెప్లికాలు, వాటి ముందు అప్లికేషన్ పంపే వాక్యాలను అందుకుని తగిన సర్వర్‌కు చేరవేసే ఒక ప్రాక్సీ. ఈ అమరిక ఇప్పుడు చిన్న కంపెనీల్లోనూ మామూలైపోయింది. రాసే పనులు ప్రైమరీకి, చదివే పనులు రెప్లికాలకు పంపితే భారం పంచినట్టవుతుంది. అప్లికేషన్ కోడ్‌లో ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు. ప్రాక్సీ ఇచ్చే ఈ హామీ అంతా ఒక్క నిర్ణయం మీద నిలబడి ఉంది: ఇప్పుడొచ్చిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) వాక్యం చదివేదా, రాసేదా?

వినడానికి ఒకటో తరగతి ప్రశ్నలా ఉంటుంది. సెలెక్ట్ అయితే చదవడం, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ అయితే రాయడం. ఈ పద్ధతితో చాలా వ్యవస్థలు చాలాకాలం చక్కగానే నడుస్తాయి. అందుకే అది తప్పిన రోజున అనుమానం ప్రాక్సీ మీదికి అంత తొందరగా పోదు.

ఎవరెవరు, ఏం చేస్తారు

ప్రైమరీ అంటే మార్పులన్నీ ముందుగా నమోదయ్యే సర్వర్, అంటే అసలు రిజిస్టర్. రెప్లికాలు దాని నకళ్లు. అసలులో పడిన గీత నకలులోకి చేరడానికి కొంత సమయం పడుతుంది. నకలు మీద నేరుగా రాస్తే అది అసలుకు చేరదు.

ప్రాక్సీలన్నీ వాక్యాలను వేరుచేయవు. హెచ్‌ఏప్రాక్సీ కనెక్షన్లను అటూ ఇటూ మళ్లిస్తుంది తప్ప లోపలి ఎస్‌క్యూఎల్‌ను చదవదు. పీజీబౌన్సర్ పని కనెక్షన్లను పొదుపుగా వాడటం. వాక్యాన్ని చదివి దారి నిర్ణయించేవి వేరే ఉన్నాయి: మరియాడీబీ వాళ్ల మ్యాక్స్‌స్కేల్, మైఎస్‌క్యూఎల్ లోకంలో ప్రాక్సీఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌కు పీజీపూల్-టూ. మైఎస్‌క్యూఎల్ రౌటర్ చాలాకాలం చదవడానికో పోర్టు, రాయడానికో పోర్టు ఇచ్చి ఊరుకుంది. 2023లో వచ్చిన 8.2 వెర్షన్‌తో ఒకే పోర్టు (6450) మీద తానే వేరుచేయడం మొదలుపెట్టింది.

ప్రశ్నే సరిగ్గా లేదు

"చదివేదా, రాసేదా" అన్న ప్రశ్నకు రెండే జవాబులున్నాయి. ప్రాక్సీకి నిజంగా కావాల్సింది ఇంకొకటి: ఈ వాక్యాన్ని ఏ సర్వర్లో నడిపినా అదే ఫలితం వస్తుందా, నడిచాక వెనక ఏమైనా మిగులుతుందా? ఇలా అడిగితే గదులు నాలుగవుతాయి.

ఎక్కడైనా నడిపించగలిగేవి ఒక రకం: మామూలు సెలెక్ట్‌లు. ప్రైమరీలోనే నడవాల్సినవి రెండో రకం. మూడో రకం అన్ని సర్వర్లకూ పంపాల్సినవి. అక్షరాల ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే `సెట్ నేమ్స్ యూటీఎఫ్8ఎంబీ4` అనే వాక్యాన్ని ఒక్క సర్వర్‌కే పంపితే, తర్వాతి సెలెక్ట్ ఇంకో సర్వర్‌కు పోయినప్పుడు తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు రావచ్చు. నాలుగోది చాలామంది మరిచిపోయేది: ముందటి వాక్యం ఎక్కడ నడిచిందో అక్కడే నడవాల్సినవి. మైఎస్‌క్యూఎల్‌లో `సెలెక్ట్ లాస్ట్_ఇన్సర్ట్_ఐడీ()` ఇలాంటిదే. ఇన్సర్ట్ ప్రైమరీలో జరిగి, ఈ సెలెక్ట్ రెప్లికాకు వెళ్తే వచ్చే జవాబు 0. ఆ సున్నాను అప్లికేషన్ కొత్త ఆర్డర్ నంబరుగా తీసుకుని ముందుకు పోతుంది.

మ్యాక్స్‌స్కేల్ ఒక్కో వాక్యానికి ఒకే పేరు పెట్టకుండా కొన్ని బిట్ల గుత్తిని అంటిస్తుంది. చదవడం, రాయడం, సెషన్‌ను (ఒక కనెక్షన్ ఉన్నంతసేపూ నిలిచే అమరికలు) మార్చడం, యూజర్ వేరియబుల్ చదవడం, ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే వాక్యాల గుంపు) తెరవడం, తాత్కాలిక టేబుల్ చేయడం, ఇలా ఎన్నో. దారి ఎంచేటప్పుడు ఆ గుత్తి మొత్తాన్ని చూస్తుంది. వర్గీకరణను బాగుచేయాలనుకునేవాళ్లు ముందు దిద్దుకోవాల్సింది ఇదే: రెండు గదులతో మొదలుపెడితే పార్సర్ (వాక్యాన్ని వ్యాకరణం ప్రకారం విప్పే భాగం) ఎంత గొప్పదైనా జవాబు తప్పే వస్తుంది.

మొదటి మాట చూసి చెప్పడం

ఖాళీలు దాటి, మొదటి పదం చదివి నిర్ణయించడం అన్నిటికన్నా వేగం. ఎక్కడ బోల్తా పడుతుందో చూడండి.

వాక్యం ముందు వ్యాఖ్య ఉండవచ్చు. ఏ పేజీ నుంచి వచ్చిన క్వెరీయో తెలియడానికి చాలా ఫ్రేమ్‌వర్క్‌లు `/* పేజీ=బిల్లు */ సెలెక్ట్ ...` అని పంపుతాయి. వ్యాఖ్యలన్నిటినీ తీసేస్తే సరిపోతుందనుకుంటే మైఎస్‌క్యూఎల్‌లో `/*! ... */` ఎదురొస్తుంది. చూడ్డానికి వ్యాఖ్య, కానీ సర్వర్ లోపలిదాన్ని నడిపిస్తుంది. `(సెలెక్ట్ ...) యూనియన్ (సెలెక్ట్ ...)` బ్రాకెట్‌తో మొదలవుతుంది. `విత్`తో మొదలైనది ఎటైనా పోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో 9.1 వెర్షన్ నుంచి ఇది చెల్లుతుంది:

`విత్ పాతవి యాజ్ (డిలీట్ ఫ్రమ్ బుట్ట వేర్ రోజు < '2024-01-01' రిటర్నింగ్ *) సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ పాతవి`

చివర్లో లెక్కపెట్టే సెలెక్ట్ ఉంది, మధ్యలో వరుసలు చెరిగిపోయాయి. `ఎక్స్‌ప్లెయిన్` అనగానే ప్రణాళిక చూపించడమే కదా అనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో `ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ డిలీట్ ...` అంటే ఆ డిలీట్ నిజంగానే జరుగుతుంది. ఇక `సెలెక్ట్ 1; డిలీట్ ఫ్రమ్ బుట్ట` అని రెండు వాక్యాలు ఒకే మూటలో వస్తే, మొదటి మాట చూసేవాడికి రెండోది కనబడనే కనబడదు.

రెండు రూల్స్‌తో సరిపెట్టడం

ప్రాక్సీఎస్‌క్యూఎల్ వాడేవాళ్లలో ఎక్కువమంది మొదట రాసుకునేవి రెండు రూల్స్. `^సెలెక్ట్.*ఫర్ అప్‌డేట్$` (చదివిన వరుసలకు లాక్ వేసే సెలెక్ట్) అయితే రాసే గుంపుకు, `^సెలెక్ట్` అయితే చదివే గుంపుకు. ఈ రూల్స్‌ను అసలు వాక్యంతో కాకుండా దాని డైజెస్ట్‌తో పోలుస్తారు. డైజెస్ట్ అంటే వ్యాఖ్యలు తీసేసి, విలువల స్థానంలో ప్రశ్నార్థకం పెట్టిన రూపం. `వేర్ ఐడీ = 42`, `వేర్ ఐడీ = 97` రెండూ `వేర్ ఐడీ = ?` అవుతాయి.

మొదటి రూల్ చివరనున్న డాలర్ గుర్తు చూడండి. వాక్యం 'ఫర్ అప్‌డేట్'తోనే ముగియాలి. మైఎస్‌క్యూఎల్ 8.0లో `ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్` అనీ, `ఫర్ అప్‌డేట్ నోవెయిట్` అనీ రాయొచ్చు. అవి మొదటి రూల్ నుంచి జారిపోయి రెండో రూల్‌లో పడి నేరుగా రెప్లికాకు చేరతాయి. `ఫర్ షేర్`, పాతకాలపు `లాక్ ఇన్ షేర్ మోడ్` సంగతి ఈ రూల్స్‌కు తెలియనే తెలియదు. డైజెస్ట్ పాఠానికి పొడవు పరిమితి ఒకటి, మామూలుగా 2,048 అక్షరాలు. అంతకన్నా పొడవైన రిపోర్టు క్వెరీకి తోక తెగిపోవచ్చు. లాక్ అడిగే మాటలుండేది ఆ తోకలోనే.

ఇందులో టూల్ తప్పేమీ లేదు. ఈ రెండు రూల్స్ ఉదాహరణ మాత్రమేనని, నిజమైన వ్యవస్థలో అన్నీ ప్రైమరీకే పంపుతూ మొదలుపెట్టి, గణాంకాల టేబుల్‌లో (స్టాట్స్_మైఎస్‌క్యూఎల్_క్వెరీ_డైజెస్ట్) ఎక్కువ సమయం తింటున్న సెలెక్ట్‌లను ఒక్కొక్కటిగా చూసి రెప్లికాలకు వదలమని ప్రాక్సీఎస్‌క్యూఎల్ వాళ్ల సలహా. చాలామంది ఉదాహరణను కాపీ చేస్తారు, సలహాను చదవరు.

పార్సర్ పెడితే?

తర్వాతి మెట్టు, వాక్యాన్ని వ్యాకరణం ప్రకారం విప్పి చూడటం. మ్యాక్స్‌స్కేల్ తొలిరోజుల్లో మైఎస్‌క్యూఎల్ ఎంబెడెడ్ లైబ్రరీనే లోపల పెట్టుకుంది. ఆ తర్వాత ఎస్‌క్యూలైట్ పార్సర్‌ను మార్చి వాడుకుంది. పీజీపూల్ పోస్ట్‌గ్రెస్ పార్సర్‌నే తెచ్చుకుంది. విత్ లోపలి డిలీట్, బ్రాకెట్లలోని సెలెక్ట్, స్కిప్ లాక్డ్ లాంటివన్నీ ఇక్కడ తేలిపోతాయి.

కొత్త సమస్య ఒకటి వస్తుంది: ప్రాక్సీ వ్యాకరణం, సర్వర్ వ్యాకరణం ఒకటి కాకపోవడం. `సెలెక్ట్ 5--1` అన్నదే తీసుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో రెండు గీతల నుంచి వ్యాఖ్య మొదలవుతుంది కాబట్టి జవాబు 5. మైఎస్‌క్యూఎల్‌లో గీతల తర్వాత ఖాళీ ఉంటేనే వ్యాఖ్య, లేకపోతే అయిదులోంచి మైనస్ ఒకటి తీసేయడం, జవాబు 6. `#` మైఎస్‌క్యూఎల్‌లో వ్యాఖ్య, పోస్ట్‌గ్రెస్‌లో ఒక ఆపరేటర్. వ్యాఖ్యలో వ్యాఖ్య పోస్ట్‌గ్రెస్‌లో చెల్లుతుంది. అదే సర్వర్‌లో కూడా సెట్టింగును బట్టి అర్థం మారుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఏఎన్‌ఎస్‌ఐ_కోట్స్ మోడ్ ఉంటే జంట కోట్లలోనిది కాలమ్ పేరు, లేకపోతే మామూలు పాఠం. నో_బ్యాక్‌స్లాష్_ఎస్కేప్స్ ఉంటే `'\'` అక్కడితో పూర్తయిన పాఠం, లేకపోతే ఇంకా కొనసాగుతున్న పాఠం. కోటు ఎక్కడ మూసుకుందో తప్పితే సెమికోలన్ లోపలుందా బయటుందా అన్నదీ తప్పుతుంది.

పార్సర్‌కు అర్థం కాని వాక్యం వస్తే ఏం చేయాలన్నది ఇంకో నిర్ణయం. మ్యాక్స్‌స్కేల్ ఫలితానికి మెట్లు పెట్టింది: పూర్తిగా విప్పినది, కొంత విప్పినది, టోకెన్లు మాత్రమే చూసినది, అసలు అర్థం కానిది. ఈ మెట్లను బయటికి చూపించడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సర్వర్ కొత్త వెర్షన్‌కు మారిన రోజున 'కొంత విప్పినవి' ఒక్కసారిగా పెరిగితే ఎక్కడ చూడాలో వెంటనే తెలిసేది దీనివల్లే.

పార్సర్‌కూ కనబడనివి

`సెలెక్ట్ పాయింట్లు_కలుపు(42, 100)`. వ్యాకరణం ప్రకారం ఇది ఒక ఫంక్షన్‌ను పిలిచే సెలెక్ట్. ఆ ఫంక్షన్ లోపల అప్‌డేట్ ఉందో లేదో వాక్యంలో రాసి ఉండదు. అది తెలియాలంటే డేటాబేస్ కేటలాగును (తనలో ఏమేం ఉన్నాయో డేటాబేస్ రాసుకునే జాబితా) అడగాలి.

పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి ఫంక్షన్‌కూ ఒక స్వభావం ఉంటుంది: వోలటైల్ (ఫలితం ఎప్పుడైనా మారవచ్చు, డేటానూ మార్చవచ్చు), స్టేబుల్ (ఒక వాక్యం నడిచేంతసేపు ఫలితం మారదు), ఇమ్మ్యూటబుల్ (ఎప్పుడూ మారదు). పీజీపూల్‌లో రాసే ఫంక్షన్ల జాబితా (రైట్_ఫంక్షన్_లిస్ట్), చదివే వాటి జాబితా రెండూ ఖాళీగా వదిలితే ఈ స్వభావాన్నే చూసి, వోలటైల్ అయితే రాసేదిగా లెక్కిస్తుంది. తెలివైన పద్ధతే, కానీ ఫంక్షన్ రాసినవాళ్లు ఏమీ చెప్పకపోతే పోస్ట్‌గ్రెస్ దాన్ని వోలటైల్‌గానే నమోదు చేస్తుంది. అందువల్ల ధర లెక్కగట్టే అమాయకపు ఫంక్షన్లు కూడా ప్రైమరీకే పోతాయి. ఏమీ రాయని `ర్యాండమ్()` కూడా వోలటైలే. నిజంగా చదివేవాటిని `ఆల్టర్ ఫంక్షన్`తో స్టేబుల్‌గా మారిస్తే రెప్లికాలకు దారి తెరుచుకుంటుంది. స్టేబుల్ అన్న ఫంక్షన్ నేరుగా రాయబోతే పోస్ట్‌గ్రెస్ ఆపుతుంది. అయితే అది ఇంకో వోలటైల్ ఫంక్షన్‌ను పిలిచి, దానిచేత రాయిస్తే ఆపదు.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ మాత్రం భరోసా కూడా లేదు. 'రీడ్స్ ఎస్‌క్యూఎల్ డేటా', 'మాడిఫైస్ ఎస్‌క్యూఎల్ డేటా' అనే ముద్రలున్నాయి గానీ వాటిని సర్వర్ అమలుచేయదు, రాసినవాళ్ల మాట మాత్రమే. వాటి మీద దారి నిర్ణయించడం అంటే బస్సు ముందున్న బోర్డు మాత్రమే చూసి ఎక్కడం.

అరిచే తప్పులు, మౌనంగా ఉండే తప్పులు

రాసే వాక్యం రెప్లికాకు వెళ్తే ఏమవుతుంది? అదృష్టం బాగుంటే ఎర్రర్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ స్టాండ్‌బై (అక్కడ రెప్లికాకు ఉన్న పేరు) 25006 కోడ్‌తో తిప్పికొడుతుంది. `సెలెక్ట్ నెక్స్ట్‌వాల్('బిల్లు_నంబరు')` కూడా ఇలాగే ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో రీడ్_ఓన్లీ ఉంటే 1290 వస్తుంది. కానీ సూపర్ హక్కులున్న యూజర్‌ను రీడ్_ఓన్లీ ఆపదు. ఆ యూజర్‌తో అప్లికేషన్ నడుస్తుంటే రాత నకలులో పడిపోయి, అసలు, నకలు రెండూ వేరైపోతాయి. 5.7.8 నుంచి ఉన్న సూపర్_రీడ్_ఓన్లీని రెప్లికాల్లో పెట్టకుండా వర్గీకరణను బాగుచేస్తూ కూర్చోవడం తలుపు తీసి పెట్టి కిటికీకి గొళ్లెం వేయడమే.

ఏ ఎర్రరూ రాని తప్పులు ఇంకా ప్రమాదం. జీతాలు లెక్కగట్టే పనిని ఒకేసారి ఇద్దరు వర్కర్లు మొదలుపెట్టకుండా ఇలా అడుగుతారు: `సెలెక్ట్ గెట్_లాక్('జీతాలు', 10)`. ఇది సెలెక్ట్, ఏ టేబుల్‌నూ తాకదు, పార్సర్ దీన్ని నిర్భయంగా 'చదివేది' అంటుంది. మొదటి వర్కర్ అభ్యర్థన ఒకటో రెప్లికాకు, రెండో వర్కర్‌ది రెండో రెప్లికాకు పోయిందనుకుందాం. ఈ లాక్ ఆ సర్వర్‌కే పరిమితం. కాబట్టి ఇద్దరికీ 1 అనే జవాబే వస్తుంది, తాళం నాదేనని ఇద్దరూ నమ్ముతారు, పని రెండుసార్లు జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో `పీజీ_అడ్వైజరీ_లాక్` కథా ఇదే: స్టాండ్‌బైలో చక్కగా పనిచేస్తుంది, ప్రైమరీకి మాత్రం తెలియదు. ఫంక్షన్ స్వభావాన్ని చూడని వర్గీకరణలో ఇలాంటి ఫంక్షన్ల పేర్లను చేత్తో రాసిపెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

వాక్యం కనబడకుండా వచ్చినప్పుడు

మైఎస్‌క్యూఎల్ బైనరీ ప్రోటోకాల్‌లో ప్రిపేర్ చేసేటప్పుడే పాఠం వెళ్తుంది. ఆ తర్వాత ఎగ్జిక్యూట్ మూటలో నాలుగు బైట్ల నంబరు, విలువలు మాత్రమే ఉంటాయి. ప్రాక్సీ ప్రిపేర్ నాడు తేల్చిన వర్గాన్ని ఆ నంబరుకు అంటించి సెషన్ అంతా గుర్తుపెట్టుకోవాలి. `ప్రిపేర్ ఎస్ ఫ్రమ్ @పాఠం` అన్నప్పుడు అసలు పాఠం సర్వర్‌లోని వేరియబుల్‌లో ఉంటుంది. అది ప్రైమరీకి పోవాల్సిందే.

ట్రాన్సాక్షన్ల సంగతి వేరు. రెప్లికాలు ఖాళీగా కూర్చున్నాయి, వర్గీకరణ పనిచేయడంలేదు అని ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా చూడాల్సింది డ్రైవర్‌ను (అప్లికేషన్‌ను డేటాబేస్‌కు కలిపే లైబ్రరీ). పైథాన్‌లో సైకోపీజీ2 మొదటి వాక్యానికి ముందే బిగిన్ పంపుతుంది. పైమైఎస్‌క్యూఎల్ ఆటోకమిట్‌ను (ప్రతి వాక్యాన్నీ వెంటనే ఖాయం చేసే అమరిక) ఆపి పెడుతుంది. అంటే ఒక్క సెలెక్ట్ పంపినా అది ట్రాన్సాక్షన్ లోపలే. తర్వాత ఏం రాబోతోందో తెలియని ప్రాక్సీ దాన్ని ప్రైమరీకి కట్టేయడం సబబే. పీజీపూల్ కొంత సడలిస్తుంది: ట్రాన్సాక్షన్‌లో మొదటి రాత వచ్చేదాకా సెలెక్ట్‌లను పంచుతుంది. మ్యాక్స్‌స్కేల్‌లో ఆప్టిమిస్టిక్_టీఆర్‌ఎక్స్ అనే అమరిక ఉంది. ట్రాన్సాక్షన్‌ను రెప్లికాలో మొదలుపెట్టి, రాత ఎదురైతే ప్రైమరీలో మొదటినుంచి మళ్లీ నడిపి, ఫలితాలు సరిపోలాయో లేదో చూసుకుంటుంది. అన్నిటికన్నా తేలిక, చదివే పనులకు అప్లికేషన్‌లో ఆటోకమిట్ తెరవడం, లేదా `స్టార్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ` అనడం.

క్యాష్‌లో దాక్కునే తప్పు

ప్రతి వాక్యాన్నీ పూర్తిగా విప్పడం ఖర్చు. ఒకే రూపం వేలసార్లు వస్తుంది కాబట్టి డైజెస్ట్ రూపానికి ఒకసారి తేల్చిన వర్గాన్ని దాచుకుంటారు. మ్యాక్స్‌స్కేల్‌లో ఈ క్యాష్‌కు 2.3.7 నుంచి మామూలుగా ఇచ్చే పరిమితి మెషీన్ మెమరీలో 15 శాతం, అంతకుముందు 40 శాతం ఉండేది. ఒకే మెషీన్ మీద ఇంకేమైనా నడుస్తుంటే ఈ అంకెను చూసుకోవాలి.

విలువలు తీసేస్తే వర్గం మారదన్న నమ్మకం మీద ఈ క్యాష్ నిలబడింది. `సెట్ ఆటోకమిట్ = 0`, `సెట్ ఆటోకమిట్ = 1` రెండిటి డైజెస్టూ `సెట్ ఆటోకమిట్ = ?`. ఒకటి ట్రాన్సాక్షన్ తెరుస్తుంది, ఇంకొకటి మూస్తుంది. సెట్ వాక్యాలను క్యాష్ నుంచి తప్పించాలి, లేదా వాటి విలువలను అలాగే ఉంచాలి. `/*! ... */` లోపలిదాన్ని మామూలు వ్యాఖ్యలా తుడిచేస్తే వేర్వేరు వాక్యాలు ఒకే తాళంచెవి (క్యాష్‌లో వెతికే గుర్తు) కిందికి వస్తాయి. ఎస్‌క్యూఎల్ మోడ్‌ను బట్టి పాఠం అర్థం మారుతుంది కాబట్టి, ఆ మోడ్ కూడా తాళంచెవిలో భాగం కావాలి.

ఎంత అనుమానం చాలు

సెకనుకు 10,000 వాక్యాలు వస్తున్నాయనుకుందాం. అందులో 8,500 చదివేవి, 1,500 రాసేవి, రెప్లికాలు మూడు. తప్పే చేయని ప్రాక్సీ ప్రైమరీకి 1,500, ఒక్కో రెప్లికాకు సుమారు 2,833 పంపుతుంది. అనుమానం ఎక్కువై, చదివేవాటిలో పదో వంతును, అంటే 850ని, ప్రైమరీకి పంపే ప్రాక్సీ దగ్గర ప్రైమరీకి 2,350, ఒక్కో రెప్లికాకు 2,550. బండి ఇంకా బాగానే నడుస్తోంది.

ఇప్పుడు రెండోవైపు: రాతల్లో వెయ్యికి ఒకటి పొరపాటున రెప్లికాకు పోతోంది. సెకనుకు 1.5, రోజుకు 1,29,600. 'తెలియనిది ప్రైమరీకి' అన్న నియమం ఇందుకే. పదిశాతం అతిజాగ్రత్తకు అయ్యే ఖర్చు ప్రైమరీకి కొంచెం పెద్ద మెషీన్. 0.1 శాతం నిర్లక్ష్యానికి అయ్యే ఖర్చు ఏ వరుస తప్పిందో వెతుక్కోవడం.

అప్లికేషనే చెప్పేస్తే పోదా

ఇంత తంటా ఎందుకు, ఏది ఎటు పోవాలో కోడ్ రాసినవాళ్లకే తెలుసు కదా అనేవాళ్లున్నారు. ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్ ప్రాక్సీ వాక్యాలను వేరుచేయదు, చదవడానికి వేరే ఎండ్‌పాయింట్ (కనెక్ట్ అయ్యే చిరునామా) ఇస్తుంది. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల్లో జాంగోలో డేటాబేస్ రౌటర్లున్నాయి. రైల్స్ 6 నుంచి చదివే పాత్ర, రాసే పాత్ర వేరుగా చెప్పవచ్చు. రాసిన తర్వాత రెండు సెకన్లు చదివేవి కూడా ప్రైమరీకే పంపడం అందులో మామూలు అమరిక. నకలు వెనకబడి ఉండటమనే సమస్యను ఇది కొంత కప్పుతుంది. ఆ సమస్యను ఏ వర్గీకరణా తీర్చలేదు, ఎందుకంటే అక్కడ వాక్యం నిజంగానే చదివేది, డేటాయే పాతది. మ్యాక్స్‌స్కేల్‌లో కాజల్_రీడ్స్, మైఎస్‌క్యూఎల్ రౌటర్‌లో 'నా రాతలు చేరేదాకా ఆగు' అనే అమరిక పెట్టింది దానికే.

ఈ వాదనలో బలముంది, కొత్తగా రాసే అప్లికేషన్‌కు నేనూ దాన్నే ఎంచుకుంటాను. పదేళ్ల పాత కోడ్, ముగ్గురు వెండర్లు రాసిన రిపోర్టులు ఉన్నచోట అది కాగితం మీద మాట. పైగా రైల్స్ చదివే పాత్రలో రాతలను ఆపడానికి లోపల చేసేది వాక్యం మొదటి పదాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో చూడటమే. చిక్కు తీరలేదు, ఇల్లు మారింది. మధ్యేమార్గంగా వ్యాఖ్యలో సూచన ఇవ్వొచ్చు: పీజీపూల్‌లో వాక్యం ముందు `/*నో లోడ్ బ్యాలెన్స్*/` అని పెడితే అది ప్రైమరీకే పోతుంది.

బాగుపడిందని ఎలా తెలుస్తుంది

సొంత లాగుల నుంచి వాక్య రూపాల జాబితా తీయాలి: పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్, మైఎస్‌క్యూఎల్‌లో పెర్ఫార్మెన్స్ స్కీమా డైజెస్ట్ టేబుల్. కొత్త వర్గీకరణను పాతదాని పక్కన నీడలా నడిపి, దారి మాత్రం పాతదే ఎంచనిచ్చి, రెండూ విభేదించిన రూపాలను మాత్రమే రాసుకోవాలి. పాతది 'రాసేది' అని కొత్తది 'చదివేది' అన్నవన్నీ మనిషి కళ్లతో చూడాల్సినవి. రెండోవైపు విభేదాలు తీరికగా చూసుకోవచ్చు.

తీర్పు చెప్పడానికి టెస్ట్ సర్వర్‌ను వాడుకోవచ్చు. 'చదివేది' అన్న ప్రతి రూపాన్నీ రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్‌లో నడిపితే పోస్ట్‌గ్రెస్ 25006తోనో, మైఎస్‌క్యూఎల్ 1792తోనో తప్పు పట్టిస్తుంది. ఈ వల కింద నుంచి జారిపోయేవి పైన చెప్పిన లాక్ ఫంక్షన్లు, లాస్ట్_ఇన్సర్ట్_ఐడీ లాంటివి. అవి రీడ్ ఓన్లీలో కూడా నవ్వుతూ నడుస్తాయి. వాటికి రెండు కనెక్షన్లు తెరిచి, ఒకదాన్ని ప్రైమరీకి, ఇంకొకదాన్ని రెప్లికాకు కట్టి, ఒకే వాక్యాల వరుసను రెండిట్లో నడిపి, జవాబులు పోల్చే టెస్టు విడిగా రాసుకోవాలి.